గంజి ఎప్పుడు వార్చారు?

చారిత్రక సినిమాలో యుద్ధం నడుస్తున్నంతసేపూ చూసేవాళ్ళమంతా సమానమే. మనలో కత్తి పట్టినవాళ్ళు లేరు. వెయ్యి గుర్రాలు ఒక్కసారి కదిలితే నేల ఎలా అదురుతుందో ఎవరికీ తెలియదు. దర్శకుడు ఏది చూపిస్తే అదే మనకు యుద్ధం. కొలువుకూటం సంగతీ అంతే. సింహాసనానికి మంత్రి ఎంత దూరంలో నిలబడాలో మనమెవరం చెప్పగలం? అదే సినిమాలో వంటశాల తలుపు తెరుచుకుంటే మాత్రం చూసేవాళ్ళలో కొందరు ముందుకు జరిగి కూర్చుంటారు. పొయ్యి ఊదినవాళ్ళూ, గుండిగ దించినవాళ్ళూ, చెయ్యి కాల్చుకున్నవాళ్ళూ లేని ఇల్లు ఉండదు. తెర మీది గతంలో ఈ ఒక్క ముక్క గురించి తీసినవాళ్ళకన్నా చూసేవాళ్ళకే ఎక్కువ తెలుసు.

ఈ సంగతి నాకు బాగా పట్టుబడింది 'జోధా అక్బర్' చూసినప్పుడు. అశుతోష్ గోవారికర్ తీసిన ఆ సినిమా 2008లో వచ్చింది. పత్రికల నిండా అప్పట్లో ఒకటే వాదన: అక్బర్ 1562లో పెళ్ళాడిన ఆమేరు రాజకుమారి పేరు నిజంగా జోధాయేనా? మొఘల్ గ్రంథాల్లో ఆమెకు ఆ పేరు కనబడదని చరిత్రకారులు చెప్పారు. నిరసనల వల్ల రాజస్థాన్‌లో సినిమా ఆడనేలేదు. తరువాత అది మా ఇంట్లో టీవీలో వచ్చిన రోజున నాన్నా బాబాయీ ఆ పేరు గురించే మాట్లాడుకుంటున్నారు. జోధా వంటశాలలో అడుగు పెట్టిన దృశ్యం వచ్చేసరికి గదిలో మాట ఆడవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది.

గుర్తుందనుకుంటాను ఆ ఘట్టం. రాణి తన చేతులతో వంట చేస్తానంటుంది. అక్బర్‌ని పెంచిన మాహమ్ అంగా అడ్డు చెబుతుంది. జోధా వినదు. పెద్ద పెద్ద రాగి డేగిసాలు, ఎగసే మంటలు, మధ్యలో నగలతో, మేలిముసుగుతో ఐశ్వర్యా రాయ్.

"ఆ కొంగు చూడవే, ఇప్పుడో ఇంకాసేపటికో అంటుకుంటుంది" అంది పెద్దమ్మ అమ్మతో.

"అంత సెగ దగ్గర మెడలో అంత బంగారమా వదినా? ఒళ్ళు కాలిపోదూ?" అంది మేనత్త.

అమ్మ వాటి జోలికి పోలేదు. కళ్ళు డేగిసాల మీదే పెట్టి, "రాగి గిన్నెల్లో అంత వంట చేస్తున్నారే, వాటికి కళాయి ఉందంటావా అక్కా?" అని అడిగింది.

నాన్న నవ్వి, సినిమాలో కళాయి ఎందుకు చూపిస్తారన్నాడు. నాకు నవ్వు రాలేదు. అది చాలా మంచి ప్రశ్న. కళాయి పోయిన రాగి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుందని ఆవిడకి తెలుసు. వీధిలోకి కళాయివాడు రాగానే ఇంట్లో గిన్నెలన్నీ బయట పెట్టిన మనిషి. వందల మందికి వండే ఇంట్లో, అందులోనూ విషప్రయోగానికి భయపడే ఇంట్లో, ఆ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటారు?

తరువాత నేను అబుల్ ఫజల్ 'ఆయినే అక్బరీ' తిరగేశాను. ఈ పెళ్ళి జరిగిన 30 ఏళ్ళకు, అటూ ఇటూగా, పూర్తయిన పుస్తకం. అందులో అక్బర్ వంటశాల మీద విడిగా ఒక ప్రకరణం ఉంది. పాదుషా వంటకు వాడే రాగి పాత్రలకు నెలకు రెండుసార్లు కళాయి పోయిస్తారని, రాకుమారుల పాత్రలకు నెలకు ఒకసారని అందులో స్పష్టంగా రాసి ఉంది! వంటవాళ్ళు చేతులు పైకి మడుచుకుంటారనీ, అంగీ అంచులు ఎగదోపుకుంటారనీ, వంట తీసేటప్పుడు నోటికీ ముక్కుకీ చెయ్యి అడ్డం పెట్టుకుంటారనీ ఉంది. అంటే పెద్దమ్మ కొంగు గురించి పడ్డ కంగారుకీ అక్కడే జవాబు దొరికింది. అక్బర్ పేరైతే వాళ్ళకు తెలుసు గానీ అబుల్ ఫజల్ ఎవరో ఆ ఆడవాళ్ళకు తెలియదు. నాలుగు శతాబ్దాల కిందటి మొఘల్ వంటశాలలో అధికారి ఏయే విషయాలు చూసుకునేవాడో అవే విషయాలు వాళ్ళు అడిగారు. దాన్ని చరిత్ర పరిజ్ఞానం అనకుండా ఇంకేమనాలో నాకు తోచదు.

అదే ప్రకరణంలో వంటకాల కొలతలు కూడా ఉన్నాయి. కిచిడీకి బియ్యం అయిదు సేర్లు, పెసరపప్పు అయిదు సేర్లు, నెయ్యి అయిదు సేర్లు. అమ్మకి చదివి వినిపిస్తే, "నెయ్యి పొరపాటున అచ్చయిందేమో మళ్ళీ చూడు" అంది. మళ్ళీ చూశాను. అయిదే. కాసేపు ఆలోచించి, "అయితే అది పొట్ట నింపుకోవడానికి వండింది కాదు, పళ్ళెంలో చెంచాడు పెట్టి మర్యాద చెయ్యడానికి వండింది" అని తేల్చింది. ఇంత నెయ్యి పోసిన వంటకం ఎవరు, ఎంత, ఎందుకు తింటారన్న లెక్క ఆవిడ కొలత చూసి కట్టేసింది.

ఇక ఆ దృశ్యంలో నా మనసు బాగా నిలిచిన చోటు వంట అయ్యాక వస్తుంది. అందరూ బారులు తీరి కూర్చున్నాక, నియమం ప్రకారం వండినవాళ్ళు ముందు రుచి చూడాలని మాహమ్ అంగా పట్టుబడుతుంది. జోధా అందరి ముందూ తిని చూపిస్తుంది. అప్పుడు అక్బర్ తనకు ఆ పళ్ళెమే కావాలంటాడు.

బాబాయికి అది రాజకీయం. రాణిని అనుమానించి అవమానించారు, రాజు ఆ అవమానాన్ని తుడిచేశాడు. సరైన మాటే. ఆడవాళ్ళు చూసింది ఇంకొకటి. మా ఇళ్ళలో వండిన మనిషి ముందుగా రుచి చూడదు. దేవుడికి నైవేద్యం కావాలి, తరువాత మగవాళ్ళూ పిల్లలూ తినాలి. ఉప్పు సరిపోయిందో లేదో వాసనతోనూ, ఉడుకుతున్న రంగుతోనూ చూసుకోవాలి తప్ప నాలుక మీద వేసుకోకూడదు. అలాంటి నియమంలో యాభై ఏళ్ళు వండినవాళ్ళకు, వండినామె ముందు తినాలనే నియమం ఒకటి లోకంలో ఉందంటేనే ఆశ్చర్యం. అక్బర్ ఎంగిలి పళ్ళేన్ని తనవైపు లాక్కున్నప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మమ్మ తరంలో భర్త భోంచేసి లేచిన విస్తట్లోనే భార్య కూర్చుని తినేది. అలా తినడం పుణ్యమని చెప్పేవారు. పెద్దమ్మ కూడా పెళ్ళైన కొత్తలో అలా తిన్న మనిషే. ఆవిడ తెర వైపు చూస్తూ, "ఆమె తిన్నదాంట్లో ఆయన తింటున్నాడు" అంది. ఇంకేమీ అనలేదు. తీసినవాళ్ళు ఈ అర్థాన్ని ఉద్దేశించారో లేదో నేను చెప్పలేను. తెలుగు ఇంట్లో, ఆ వయసు ఆడవాళ్ళ ముందు, ఆ దృశ్యానికి ఆ అర్థం వచ్చింది. ఆ సినిమాలో యుద్ధాలన్నీ మరిచిపోయాను గానీ ఆ మాట మరిచిపోలేదు.

ఇంత పట్టింపుగా చూసేవాళ్ళు 'మాయాబజార్' దగ్గర మాత్రం అన్నీ ఒప్పేసుకుంటారు. 1957 నుంచీ తెలుగువాళ్ళు ఆ పెళ్ళివిందు చూసి మురిసిపోతూనే ఉన్నారు. భారతకాలపు పెళ్ళిలో జిలేబీ ఎక్కడిదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇందులో వైరుధ్యం లేదు. పురాణం ఏ కాలంలో చెబితే ఆ కాలపు విస్తరి వేసుకుంటుంది, అది దాని హక్కు. పైగా ఆ విందులో వంటశాలే లేదు. మంత్రం వేస్తే వంటకాలు వచ్చాయి. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరిపోతుంటే పిల్లలం మార్కస్ బార్ట్లే కెమెరా మాయకు నవ్వేవాళ్ళం. గాడిపొయ్యి పక్కన రాత్రంతా నిలబడి ఇంట్లో పెళ్ళిళ్ళకు వండించిన అమ్మమ్మ మాత్రం, ఇన్ని వంటకాలకూ ఒక్కరి నడుమూ నొప్పి పుట్టలేదన్న సంతోషంతో చూసేది. ఆవిడ ముఖంలో ఆ సంతోషం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ఫలానా శతాబ్దమని, ఫలానా రాజని తెర మీద వేసినప్పుడు లెక్క మారుతుంది. అక్కడ పొరపాట్లు పట్టుకునేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం నా ఈడువాళ్ళు. కాకతీయుల కాలపు సంతలో ఎర్ర మిరపకాయలు కుప్ప పోశారనో, బుట్టలో టమాటాలున్నాయనో వెంటనే పట్టేస్తారు. పట్టాల్సిందే. మిరప, టమాటా, బంగాళదుంప, వేరుశనగ, జీడిమామిడి ఇవన్నీ అమెరికా ఖండాలవి. 1498లో పోర్చుగీసువాళ్ళు కోళికోడు చేరిన తరువాతే మన నేలకు దారి చూసుకున్నాయి. గుంటూరు సీమ కారానికి పెట్టింది పేరు. శ్రీనాథుడి కాలంలో అక్కడి పచ్చడిలో మిరపకాయ లేదు. కారానికి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలే గతి. ఆయినే అక్బరీ వంటకాల జాబితాలోనూ మిరియాలే ఉన్నాయి, మిరప లేదు. ఈ తప్పులు దిద్దడం తేలిక. కళా దర్శకుడు ఒక పూట పుస్తకాలు చూసుకుంటే చాలు.

రెండో రకం తప్పులు పుస్తకంలో దొరకవు, ఒంట్లో దొరుకుతాయి. ఒక సీరియల్‌లో అంతఃపుర దాసి మట్టికుండలో అన్నం వండి, మూత తీసి నేరుగా బంగారు పళ్ళెంలో వడ్డించింది. "గంజి ఎప్పుడు వార్చారు?" అంది పెద్దమ్మ. కట్టెల పొయ్యి మీద కుండలో అన్నమంటే వార్చాలి. అత్తెసరు పెట్టుకునేది ఒకరిద్దరికి వండుకునేటప్పుడు. అంతఃపురంలో అంతమందికి వండేటప్పుడు ఎసరు ఎక్కువ పోసి, మెతుకు పట్టి చూసి, మూత మీద మసిగుడ్డ వేసి అదిమిపట్టి, కుండ వంచి, ఆవిరి ముఖాన కొడుతుంటే పక్కకు తిప్పుకుని నిలబడాలి. కుండ బరువు మణికట్ల మీద పడుతుంది. పల్లెల్లో ఆ గంజి ఎవరికి వెళ్ళేది? పశువులకు, పనివాళ్ళకు, చీరలకు గంజి పెట్టడానికి, కరువులో అందరికీ. గంజి వార్చని అంతఃపురంలో గంజి తాగి బతికినవాళ్ళకు కూడా చోటు లేకుండా పోయింది. రాజుల చరిత్ర వంట దృశ్యంలోనైనా కాస్త కిందికి దిగుతుందనుకుంటే, అక్కడా దిగనివ్వలేదు.

గిన్నెల అడుగుల సంగతీ అంతే. సినిమా వంటింట్లో గిన్నెల అడుగులు తళతళలాడతాయి. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగు మసి పట్టకుండా ఉండదు. అందుకే ముందుగా అడుగున బంకమన్ను పూత పూసి పొయ్యెక్కించేవాళ్ళు, తోమేటప్పుడు మసి మన్నుతో సహా ఊడి వచ్చేస్తుంది. ఆ మన్ను పూత నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు పొగ. పొగ ఉంటే తారల ముఖాలు కనబడవు, కెమెరాకు అడ్డం. అందుకని మంటలు మాత్రం ఎర్రగా అందంగా లేస్తాయి, పొగ రాదు, ఎవరి కళ్ళూ మండవు. వంటింటి పొగ ఇళ్ళలో ఏం చేసిందో మనకు తెలుసు. ఇళ్ళలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా అమ్మమ్మకు చివరి దశలో వచ్చిన దగ్గు పొయ్యి దగ్గరిదేనని ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనలేదు. పొగలేని పొయ్యిని చూపించి ఇదే మన గతమంటే, ఆ దగ్గు జరగలేదని చెప్పినట్టవుతుంది. ఇది చిన్న సాంకేతిక లోపమని నేను ఒప్పుకోలేను.

తీయడం చేతకాక కాదు. 2023లో ట్రాన్ ఆన్ హుంగ్ అనే దర్శకుడు ఫ్రెంచిలో 'ద టేస్ట్ ఆఫ్ థింగ్స్' తీశాడు. ఆయన వియత్నాంలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డవాడు. 19వ శతాబ్దం చివర ఒక పల్లెటూరి భవంతిలో జరిగే కథ. మొదలవడమే వంటతో మొదలై అరగంట పైగా అదే సాగుతుంది. నేపథ్య సంగీతం లేదు. కత్తి చప్పుడు, నీళ్ళ చప్పుడు, వెన్న చిటపటలు, గిన్నె దించినప్పుడు ఊపిరి. పియేర్ గాన్యేర్ అనే పేరున్న షెఫ్ దగ్గరుండి వంటలు చూసుకున్నాడు. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. ఆ వంటకాల్లో ఒక్కటీ పెద్దమ్మ తినేది కాదు. దూడ మాంసం చూసి మొహం తిప్పుకుంది. అయినా లేచి వెళ్ళిపోలేదు. "ఈమెకు వంట వచ్చు" అంది జూలియెట్ బినోష్‌ని చూసి. ఎలా తెలిసిందంటే, ఒక పని చేస్తూ రెండో పని వైపు చూస్తోందని చెప్పింది. నాకు ఆ వాక్యం ఏ విమర్శకుడి వ్యాసంలోనూ దొరకలేదు. అందులో అతిథులు భోంచేసి వంటగదిలోకి వచ్చి, మాతో కూర్చుని ఎందుకు తినవని ఆమెను అడుగుతారు. మీరు తినే వాటితోనే మీతో మాట్లాడుతున్నాను కదా అన్నట్టు ఆమె జవాబు చెబుతుంది. జవాబు మా వాళ్ళకు అంతగా పట్టలేదు. వచ్చి అడిగారన్నదే పట్టింది.

కొరియాలో దీనికి ఇంకా గట్టి పునాది ఉంది. 2003లో మొదలైన 54 భాగాల 'దే జాంగ్ గమ్' సీరియల్ 16వ శతాబ్దం తొలినాళ్ళ రాజప్రాసాదపు వంటశాల చుట్టూ తిరుగుతుంది. అంటే ఇక్కడ కృష్ణదేవరాయలు ఏలుతున్న రోజులు. ఆ వంటశాలను మాటల్లో ఊహించి కట్టలేదు. జోసన్ రాజవంశపు వంటశాలలో పనిచేసిన చివరి తరం స్త్రీ హాన్ హీ సున్ దగ్గర హ్వాంగ్ హే సంగ్ అనే విదుషి ఏళ్ళ తరబడి నేర్చుకుని రాసిపెట్టింది. 1971లో ఆ దేశ ప్రభుత్వం రాజప్రాసాదపు వంటను కాపాడవలసిన సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. హ్వాంగ్ కూతురు హాన్ బొక్ ర్యో ఈ సీరియల్‌లో వంటలకు సలహాదారు. ఒక వంటమనిషి చేతి నుంచి ఇంకో చేతికి, అక్కణ్ణించి తెరకు చేరిన విద్య అది. కొరియాలో సగం మంది ప్రేక్షకులు దాన్ని చూశారంటే కథ ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. ఒక వంటకం రుచిలో పండిన పెర్సిమన్ పండును ఒక చిన్నపిల్ల కనిపెట్టిన ఘట్టం అక్కడి జనం నోళ్ళలో నానిపోయింది.

మనకూ అలాంటి చేతులు ఉన్నాయి, ఎంతకాలమో ఉండవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది. గ్యాస్ పొయ్యి రావడం ఆడవాళ్ళ ఊపిరికి జరిగిన గొప్ప మేలు. కట్టెల పొయ్యి తిరిగి రావాలని నేను ఎన్నడూ కోరను. కానీ ఊదుగొట్టంతో నిప్పు రాజేసి, సెగ తగ్గించాలంటే కట్టె వెనక్కి లాగి, పాలు పొంగకుండా పిడక నిప్పు మీద కాచిన మనుషులు ఇప్పుడు అరవై దాటినవాళ్ళు. సినిమావాళ్ళు గుర్రాలకు శిక్షకుణ్ణి పెట్టుకుంటారు, కత్తియుద్ధానికి మాస్టరును పెట్టుకుంటారు, టైటిల్స్‌లో వాళ్ళ పేర్లు వేస్తారు. వంట దృశ్యం తీసే రోజున అలాంటి ఒక పెద్దావిణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆవిడ కాదన్న చోట ఇంకో టేక్ తీయాలి. ఆవిడ పేరూ టైటిల్స్‌లో వేయాలి.

నిజానికి రాయలవారు ఈ పని 16వ శతాబ్దంలోనే చేశారు. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంట్లో అతిథులకు పెట్టే భోజనం కాలాన్నిబట్టి మారుతుంది. ఎండాకాలంలో చలవ చేసే మజ్జిగపులుసు, పల్చటి అంబలి, చెరకురసం. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు అదిరే ఆవపెట్టిన పచ్చళ్ళు. వానాకాలపు పద్యంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఉన్నాయి. వాటన్నిటికన్నా ముందు ఇంకో సంగతి ఉంది. ముసురు పట్టిన ఆ రోజుల్లో వండే ఇల్లాలి కళ్ళల్లోకి పొగ పోకుండా పొయ్యిలో కొబ్బరి చిప్పలు పెట్టి వండుతుందని రాశాడు. కటకం మీదికి దండెత్తిన రాజు, వానాకాలంలో కట్టెలు తడుస్తాయనీ, తడిసిన కట్టె పొగ చిమ్ముతుందనీ, ఆ పొగ ఒక ఆడమనిషి కళ్ళకు తగులుతుందనీ ఆలోచించాడు.

పెద్దమ్మకి ఆ పద్యం అర్థం చెప్పాను. ముఖం విచ్చుకుంది. "చిప్పలు బాగా మండుతాయిరా, పొగ ఉండదు. కానీ చిటికెలో అయిపోతాయి. అంత వంటకి కుప్ప పోసుకు కూర్చోవాలి. చిప్పలు అంటించడానికి, అన్నం ఉడకడానికి వేరే కట్టె ఉండి తీరాలి. ఎవరో వంటామెని అడిగి రాసుకున్నాడు గానీ ఆమె సగమే చెప్పింది. ఆ కట్టె ఏమిటో రాశాడా?" అంది.

ఆ పద్యంలో లేదన్నాను.

"తుమ్మ మొద్దు అయ్యుంటుంది. తుమ్మ నిప్పు నిలుస్తుంది" అని కాసేపాగి, ఆ విష్ణుచిత్తుడిది ఏ ఊరని అడిగింది. తమిళదేశంలో శ్రీవిల్లిపుత్తూరని చెప్పాను. అక్కడ తుమ్మచెట్లు ఉంటాయో లేదో కనుక్కుని చెప్పమంది.